మా ఇంటి పొగగొట్టం, కనిషాయ్ ధూళి మీటరు

మా ఆవిడ కనిషాయ్ పోయిన రోజు ఉదయం గాలిలో ధూళి లెక్క తొమ్మిది.

నిద్ర లేవగానే కిటికీ పక్కన మేకుకు వేలాడే మీటరు వైపు చూడటం నాకు అలవాటు. ఆ రోజూ చూశాను. లోపలి గదిలోంచి డాక్టరమ్మ వచ్చి, నాతో ఎలా చెప్పాలా అని నిలబడి ఉంది. నేనేమో ఆవిడకు మీటరు చూపించి "తొమ్మిదమ్మా, తొమ్మిది!" అన్నాను. ఆవిడ నన్ను మెల్లగా భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

ఏప్రిల్ నెల. రాత్రంతా కొండల మీది నుంచి గాలి వీచి మా బిష్కెక్ నగరం మీది మురికినంతా ఊడ్చేసింది. "పదిహేను లోపుంటే పండగే" అనేది తను. చలికాలం నాలుగైదు నెలలూ మూడొందలతో, నాలుగొందలతో కుస్తీ పట్టిన మనిషి, పండగ రోజు చూసుకుని వెళ్ళిపోయింది. ఆగింది గుండె. ఊపిరితిత్తులు ఆఖరి దాకా బాగానే ఉన్నాయి. ఇందులో ఏదో పెద్ద అర్థం ఉందని నాకు చాలా రోజులు అనిపించింది. తను వింటే "అర్థమూ లేదు, గిర్థమూ లేదు, గాలి దక్షిణం నుంచి వీచింది" అనేది.

ఆమె గురించి ఒక పేజీ రాసివ్వమని మా బస్తీ బడి హెడ్మాస్టరమ్మ రఖీమా అడిగింది. ఫోటో పక్కన గోడకు తగిలిస్తారట. కూర్చుంటే పేజీ ఆగలేదు. ఆమె మంచితనం ఒక పేజీలో పడుతుంది గానీ నా తెలివితక్కువతనం పట్టదు. ఆ రెంటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాదు. గోడకు ఇంకెవరైనా రాస్తారు. ఇది మాత్రం ఇలా ఉండనివ్వండి.

కనిషాయ్ ముప్పై రెండేళ్ళు రసాయనశాస్త్రం చెప్పింది. రిటైరయ్యాక పెరట్లో టొమాటోలు వేస్తానంది. ఆ ఏడే ఊళ్ళో ఒక చిన్న సంఘం వాళ్ళు బడులకు గాలి మీటర్లు పంచుతూ, వాటి సంగతి పిల్లలకూ తల్లిదండ్రులకూ చెప్పగల మనిషి కోసం వెతుకుతున్నారని తెలిసింది. టొమాటో నారు కొనడానికి బజారుకు వెళ్ళిన మనిషి రెండు మీటర్లతో తిరిగొచ్చింది. ఒకటి గోడకు తగిలించేది, రెండోది చేత్తో పట్టుకుని తిరిగేది. టొమాటోల మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను అప్పటికి పత్రికలో ప్రూఫులు దిద్దే పని మానేసి ఇంట్లో కూర్చుని ఉన్నాను. నాకొక పాత డీజిల్ వ్యాను ఉండేది. కాబట్టి నేను డ్రైవరునీ, సంచులు మోసేవాణ్ణీ అయ్యాను. మొదటి రోజే తేలిపోయింది నా ఉద్యోగం ఏ పాటిదో.

"ముసలాయనా, ఇక్కడ ఆపు."

"బడి ఇంకా రెండు వీధులుంది."

"అందుకే ఆపమన్నది. ఇంత నల్లటి పొగ వదులుతూ గేటు ముందు దిగితే, లోపలికెళ్ళి నేను ఏం చెప్పను? నా మొగుడి బండి లెక్కలోకి రాదు పిల్లలూ అని చెప్పనా?"

ఆ రెండు వీధులూ మంచు మీద నడిచేవాళ్ళం. ఆమె చేతిలో పిడికిలంత మీటరు. నా భుజాన స్పిరిటు స్టవ్వు, గిన్నె, గాజు గ్లాసులు, తెల్ల గుడ్డలు. మూడేళ్ళలో తొమ్మిది బడులు తిరిగాం. నేను పదకొండుసార్లు జారిపడ్డాను. పడినప్పుడల్లా ఆమె ముందుగా గ్లాసులు తడిమి చూసేది.

పాఠం మాత్రం చూడాల్సిందే. అంకెలతో మొదలుపెట్టేది కాదు. ఒక పిల్లను బయటికి పంపి రోడ్డు పక్కన కుప్పగా ఉన్న మంచు ఒక గిన్నెడు తెప్పించేది. పైకి తెల్లగానే ఉండేది అది. స్టవ్వు మీద కరిగించి, తెల్ల గుడ్డలోంచి గ్లాసులోకి వడకట్టేది. గుడ్డ మీద నల్లటి ముద్ద, గ్లాసులో మసినీళ్ళు మిగిలేవి.

"ఎవరు తాగుతారు?"

ఎవరూ తాగరు. ఒకడు మాత్రం "మా తాత టీ దీనికంటే నల్లగా ఉంటుంది ఎజె!" అన్నాడు. మా దగ్గర పిల్లలు పంతులమ్మను ఎజె అనే పిలుస్తారు, అక్క అన్నట్టు.

"టీ అయితే మీ తాత పొట్టలోకి పోతుంది, పొద్దున్నే బయటికి వస్తుంది," అంది కనిషాయ్. "గాలిలో ఉండే ఈ మసి ఎక్కడికి పోతుందో చెప్పు."

వాడు ఆలోచించి తన గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. అప్పుడు తీసేది మీటరు. ఘనపు మీటరు గాలిలో ఎంత సన్న ధూళి ఉందో అది చెబుతుంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఏ రంగుకు ఏ జెండా ఎగరేయాలో, ఏ జెండా ఉన్న రోజు బయట పరుగెత్తకూడదో పిల్లలే రాసుకునేవాళ్ళు. నేను వెనక బెంచీలో ముడుచుకుని కూర్చుని తల ఊపుతూ వినేవాణ్ణి. ఆ తల ఊపడం తలుచుకుంటే ఇప్పుడు నా చెవులు వేడెక్కుతాయి.

ఎందుకంటే, ఇంట్లో నేను చేస్తున్నది ఇది.

మా వీధి జంగీ-బులాక్ బస్తీలో చివరిది. మాకు ఎదురింట్లో తుర్సునాయ్ కుట్టుపని కార్ఖానా ఉంది, పది మిషన్లు. కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కల్ని ఆవిడ బస్తాల్లో కుక్కి గేటు బయట పెడుతుంది, కావలసినవాళ్ళు తీసుకుపోతారు. బొగ్గు అంటుకోవడానికి అరగంట పడుతుంది. గుడ్డముక్కలు వేస్తే అయిదు నిమిషాల్లో పొయ్యి గర్జిస్తుంది. ఆ ముక్కల్లో సగానికి సగం నైలానే. పొగ తారులా ఉంటుంది. కనిషాయ్ సాయంత్రం పాఠాలకు నేను లేకుండా బస్సులో వెళ్ళిన రోజున, తను వచ్చే గంట ముందు నేను రెండు సంచుల ముక్కలు పొయ్యిలో కుక్కేవాణ్ణి. బస్తా కొట్టంలో, అమ్ముడుపోని నా కథల పుస్తకాల వెనక దాచేవాణ్ణి. ఆ పుస్తకాల జోలికి ఎవరూ రారని నాకు నమ్మకం. ఆ నమ్మకం ఒక్కటే ఎప్పుడూ వమ్ము కాలేదు.

మనసును ఎలా సమాధానపరుచుకునేవాణ్ణంటే, మా పొగగొట్టం ఎత్తైనది, పొగ పక్క బస్తీకి పోతుంది అని. తొమ్మిది బడుల్లో వెనక బెంచీలో పాఠం విన్నవాడి మాట ఇది.

ఇక అసలు సంగతి. మా బస్తీ బడికి బొగ్గు బాయిలరు. దాని గదికి గోడ కలిపి ఒకటో తరగతి. చలికాలం ఆ గదిలో కిటికీ తెరిచినా పొగే, మూసినా పొగే. పిల్లలు అక్షరాలతో పాటు దగ్గు నేర్చుకునేవాళ్ళు. మేం బడులు తిరుగుతున్న మూడో ఏడు నగరం వాళ్ళు గ్యాసు బాయిలరు ఇస్తామన్నారు. కానీ గ్యాసు గొట్టం పెద్ద రోడ్డు దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి బడి దాకా మా వీధి పొడుగునా తవ్వాలి. వీధిలో ఎనభై ఇళ్ళు. కనీసం అరవై ఇళ్ళవాళ్ళు సంతకం చేస్తేనే తవ్వుతారు. డిసెంబరు ఇరవై గడువు. దాటితే బాయిలరు వేరే బస్తీకి పోతుంది, మళ్ళీ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు.

కనిషాయ్ ఇంటింటికీ తిరిగింది. గ్యాసు పేలుతుందని కొందరు, ప్రహరీలు కూలుస్తారని కొందరు, మా తాతలు బొగ్గు పొగలో బతకలేదా అని కొందరు. డిసెంబరు పదహారుకు సంతకాలు ముప్పై మూడు.

"ఇంకా ఇరవై ఏడు," అంది ఆ రోజు పొద్దున. రొట్టె తుంచి టీలో ముంచి, తినకుండా అలాగే పట్టుకుంది. "ముసలాయనా, ఇది కాకపోతే ఇంకో ఏడాది పిల్లలు ఆ గదిలోనే కూర్చోవాలి. నేను ఏ మొహంతో వాళ్ళకు మంచు వడకట్టి చూపించను?"

ఆ సాయంత్రం నాలుగింటికి బడి హాల్లో వీధివాళ్ళందరి సమావేశం పెట్టించింది. హాల్లో వేదిక పైన గోడ మీటరు తగిలించారు. ఎర్రటి అంకెలు వెనక వరస దాకా కనిపిస్తాయి. నేను బయల్దేరే ముందు, ఇంత ముఖ్యమైన రోజున ఆమె వచ్చేసరికి ఇల్లు బాగా వెచ్చగా ఉండాలని, రెండు సంచులకు బదులు నాలుగు సంచుల ముక్కలు పొయ్యిలో కుక్కి, గాలి తలుపు సన్నగా పెట్టి వచ్చాను. నెమ్మదిగా చాలాసేపు కాలాలని.

హాలు నిండింది. కనిషాయ్, రఖీమా గొట్టం పటం తేవడానికి ఆఫీసు గదికి వెళ్ళారు. ముందు వరసలో మా వీధి పెద్ద మోల్డోకుల్ కూర్చుని ఉన్నాడు. తెల్ల టోపీ, చేతికర్ర, గడ్డం. ఆయన సంతకం పెడితే కనీసం పది ఇళ్ళు పెడతాయి. ఆయన ఇంకా పెట్టలేదు. మీటరు వైపు చూసి నన్ను పిలిచాడు.

"ఎసెన్‌బెక్, ఇది కొత్త వస్తువా?"

"ఈ హాలుకు కొత్తదే పెద్దాయనా. నిన్ననే తగిలించాం."

"అర్చా చూపించారా?"

నేను నాలుక కరుచుకున్నాను. మా దగ్గర కొత్త ఇల్లు, కొత్త బండి, కొత్తగా పుట్టిన బిడ్డ, దేనికైనా ముందు అర్చా చూపించాలి. అర్చా అంటే కొండల మీది సువాసన చెట్టు, దాని ఎండు కొమ్మను పెనం మీద వెలిగించి, చుట్టూ తిప్పితే చెడు పోతుంది. 

"చూపించలేదు," అన్నాను.

"మరి మీ ఆవిడ మాట జనానికి ఎలా ఎక్కుతుంది?"

ఇది నాకు చాలా సబబుగా తోచింది. నేను చెయ్యగల సాయం ఇదొక్కటే అనిపించింది. వంటగదికి పరుగెత్తి, వంటమనిషి దగ్గర అర్చా కొమ్మలు రెండు, వేయించే పెనం తెచ్చి వెలిగించాను. కుర్చీ ఎక్కాను. పెనం సరిగ్గా మీటరు ముక్కు కింద పెట్టి, "అలాస్, అలాస్, అన్ని కష్టాల నుంచీ కాపాడు" అంటూ మూడుసార్లు తిప్పాను. భక్తిగానే తిప్పాను. జనం కూడా చేతులు మొహానికి రాసుకున్నారు.

ఎనభై ఉన్న అంకె మూడొందలైంది. ఆరొందలైంది. తొమ్మిదొందల తొంభై తొమ్మిదై అక్కడ ఆగి, మీటరు కీచుమని అరవడం మొదలుపెట్టింది. మూడేళ్ళు వీటితో తిరిగినా ఈ మీటర్లు అలా అరవగలవని నాకే తెలియదు.

"ఏమంటోంది అది?" అన్నాడు మోల్డోకుల్.

కుర్చీ మీద నేను, చేతిలో పెనం. "ప్రమాదం అంటోంది," అన్నాను. అబద్ధం ఒక్కటి కూడా సమయానికి తట్టదు నాకు.

"అంటే మా తాతల అర్చా విషమా?"

హాలంతా లేచింది.

"మా మనవడికి పుట్టిన నలభయ్యో రోజున అర్చా వేశాం," అంది తుర్సునాయ్. "వాడిప్పుడు కుస్తీ పోటీల్లో మేకపిల్లను గెలుచుకొచ్చాడు!"

"యంత్రం మన దేశానిదైతే కదా, మన పొగ తెలియడానికి!"

"ఇన్నాళ్ళూ ఇలాంటి డబ్బాలు చెప్పిన అంకెలేనా మనకు చూపించింది?"

అప్పుడు కనిషాయ్ తలుపులోంచి వచ్చింది. అరుస్తున్న మీటరునూ, కుర్చీ మీది నన్నూ, నా చేతిలోని పెనాన్నీ చూసింది.

"ముసలాయనా, దిగు," అంది.

పెనం తీసుకుని వంటమనిషికి ఇచ్చింది. మీటరు నోరు నొక్కింది. జనం వైపు తిరిగింది. మోల్డోకుల్ కర్రతో నేల మీద కొట్టాడు.

"కనిషాయ్, నువ్వే చెప్పు. అర్చా విషమా, కాదా?"

అవునంటే ఉన్న ముప్పై మూడు సంతకాలూ పోతాయి. కాదంటే ఆమె కనిషాయ్ కాదు. నేను గోడకు ఆనుకుని, నేల చీలితే లోపలికి పోదామని చూస్తున్నాను.

"పొగ ఏదైనా పొగే పెద్దాయనా," అంది తను. "ఎంతసేపు ఉంటుంది అన్నదే లెక్క. మీ ఇంట్లో అర్చా వేశాక ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం? తలుపూ కిటికీ తీస్తాం. చెడు బయటికి పోవాలిగా."

"అయితే తీద్దాం."

తనే వెళ్ళి నాలుగు కిటికీలూ తెరిచింది. డిసెంబరు చలి లోపలికి దూకింది. అందరూ కోట్ల కాలర్లు ఎత్తుకున్నారు. ఎవరూ వెళ్ళలేదు, మీటరు ఓడిపోతుందేమో చూడాలని. అంకె దిగుతోంది. ఏడొందలు. అయిదొందలు. మూడొందల యాభై.

"చూశారా, పోతోంది చెడు," అన్నాడు మోల్డోకుల్ సంతోషంగా, కనిషాయ్ కాదు, తనే దాన్ని దించుతున్నట్టు.

రెండొందల యాభై. రెండొందల పది. అక్కడ నిలబడిపోయింది. కాసేపటికి రెండొందల ఇరవై అయింది. రెండొందల అరవై.

"అదేంటి, మళ్ళీ ఎక్కుతోంది!" అంది తుర్సునాయ్. "మళ్ళీ ఎవరు వేశారు అర్చా?"

యాభై తలలు ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. నేను ఖాళీ చేతులు రెండూ ఎత్తి చూపించాను.

"ఎవరూ వెయ్యలేదు," అంది కనిషాయ్. "టైము అయిదు. ఇళ్ళల్లో పొయ్యిలు వెలిగిస్తున్నారు. అర్చా పొగ ఎప్పుడో పోయింది పెద్దాయనా. ఇప్పుడు లోపలికొస్తున్నది మన వీధి."

వెళ్ళి కిటికీలు మూసింది. అంకె నెమ్మదిగా తగ్గడం మొదలుపెట్టింది. చెడును పంపడానికి కిటికీ తీస్తే చెడే లోపలికొచ్చిందన్న మాట వాళ్ళకు ఇంకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ఆమె గెలిచిందనుకున్నాను. నా పెనం వల్లే గెలిచిందని లోపల కొంచెం పొంగాను కూడా.

మోల్డోకుల్ లేచాడు. "వీధి అంటే ఎవరు? ఎవరి పొగ ఎక్కువ?"

"చూద్దాం రండి," అని కనిషాయ్ చేతి మీటరు తీసుకుంది.

ఆమె ఉద్దేశం అందర్నీ బాయిలరు గది దగ్గరికి తీసుకెళ్ళాలని. బడి పొగగొట్టం కంటే పెద్దది వీధిలో లేదు. నాకు మాత్రం ఆ క్షణంలో మా పొయ్యి గుర్తొచ్చింది. నాలుగు సంచులు.

"చాలా చలిగా ఉంది," అన్నాను. "రేపు పొద్దున చూద్దామా?"

"మీరు ఇంటికెళ్ళి పొయ్యి దగ్గర కూర్చోండి బాయికె," అన్నారెవరో వెనక నుంచి, పెద్దవాణ్ణని అన్నా అన్నట్టు పిలుస్తూనే. అంతకంటే మంచి సలహా నాకు ఎవరూ ఇవ్వలేదు. కానీ జనం అప్పటికే గేటు దాటారు, నన్నూ తోసుకుంటూ.

బాయిలరు గది దగ్గర మూడొందల నలభై. "ఇదిగో, ఇదే," అంది కనిషాయ్. కానీ మోల్డోకుల్ పట్టు పట్టాడు, వీధి చివరిదాకా చూడాలని. నడిచాం. నాలుగొందల ఇరవై. కనిషాయ్ కనుబొమలు ముడిపడ్డాయి. అయిదొందల పది. మా గేటు ముందు ఏడొందల ఎనభై.

అందరూ తలలెత్తారు. చీకటి పడుతున్న ఆకాశంలోకి మా పొగగొట్టం నల్లటి తాడు వదులుతోంది. ఆ ఎత్తైన గొట్టం. పొగ పక్క బస్తీకి పోవట్లేదు. పైకి పోవడానికి చలి ఒప్పుకోక, నేరుగా మా తలల మీదికి దిగుతోంది.

తుర్సునాయ్ ముక్కు ఎగబీల్చింది. "ఇది నా బట్టే," అంది. "మంగళవారం కత్తిరించిన నీలం ట్రాక్‌సూట్లు. లోపలి అస్తరు వాసన కూడా వస్తోంది."

కనిషాయ్ నా వైపు చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు," అన్నాను. తర్వాత, "మూడు," అన్నాను. తర్వాత, ఎందుకు దాచాలనిపించి, "మొదటి నుంచీ," అన్నాను.

జనంలోంచి ఒక ఆడగొంతు వినిపించింది. "ముందు ఇంట్లో చెప్పుకో ఎజె. తర్వాత మా పిల్లలకు చెబుదువుగానీ."

"నిజమే," అంది కనిషాయ్. కోపం లేదు ఆ గొంతులో. మీటరు ఆపేసింది. సంతకాల కాగితం మడిచి సంచిలో పెట్టి, గేటు గడియ మీద చెయ్యి వేసింది. ఆ వంగిన భుజాలు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉన్నాయి. మూడేళ్ళు, తొమ్మిది బడులు, అన్నీ ఆ గేటు లోపలికి వెళ్ళిపోతున్నాయి.

నాకు ఉపన్యాసాలు రావు. కాగితం మీద కొట్టివేతలు మాత్రమే వచ్చు. కానీ నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆమెకు తెలియదు," అన్నాను. "ఆమె బడికెళ్ళి పొగ గురించి చెప్పి, చలికి గడ్డకట్టి ఇంటికొస్తుంది. ఆమెను వెచ్చబెట్టడానికి నేను పొగ పెడతాను. తొమ్మిది బడుల్లో పాఠం విన్నాను. వింటూ తల కూడా ఊపాను. ఒకటో తరగతి పిల్లలకు ఒక్కసారి వింటే తెలిసింది. నాకు... నాకు ఇంకా కొన్ని బడులు కావాలేమో."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. మోల్డోకుల్ మాత్రం నవ్వలేదు. కర్ర చివరతో మంచులో గీతలు గీస్తున్నాడు.

"నేను టైరు వేస్తాను," అన్నాడు.

"ఏంటి పెద్దాయనా?"

"ఆవిరి స్నానం పొయ్యిలో. గురువారం గురువారం. పాత టైరు ముక్క ఒక్కటి వేస్తే రాళ్ళు తొందరగా వేడెక్కుతాయి."

తర్వాత మాటలు కట్ట తెగినట్టు వచ్చాయి. ఒకరు పాత బూట్లు. ఒకరు ప్లాస్టిక్ సీసాలు. ఒకాయన అత్తగారి వార్నిషు బీరువాను రెండు చలికాలాలు కొద్దికొద్దిగా కాల్చాడట, అత్తగారు అక్కడే నిలబడి ఆ సంగతి అప్పుడే విన్నది.

"నా ముక్కల బస్తాలు పదహారిళ్ళకు పోతున్నాయి," అంది తుర్సునాయ్. "పేర్లు చదవనా?"

"వద్దు వద్దు!" అన్నారు పదహారు గొంతులు.

మోల్డోకుల్ కనిషాయ్ దగ్గరికి నడిచాడు. "నా మనవరాలు ఈ ఏడే ఒకటో తరగతి. పగలు బాయిలరు గోడ పక్కన కూర్చుంటుంది. ఇంటికొస్తే నా టైరు. దానికి ఊపిరి తీసుకోవడానికి చోటేదమ్మా? ఆ కాగితం తియ్యి."

కాగితం తీసింది. పెట్టి రాయడానికి బల్ల లేదు, గేటు నిండా మంచు. తుర్సునాయ్ నన్ను మెడ పట్టుకుని ముందుకు వంచింది. "ఇన్నాళ్ళకు పనికొచ్చావు బాయికె. కదలకు."

నా వీపు మీద కాగితం పెట్టి ఒక్కొక్కరే సంతకం చేశారు. పెన్ను చలికి రాయకపోతే నా కోటు మీదే గట్టిగా గీసి చూసుకునేవాళ్ళు. మోల్డోకుల్ సంతకం పొడుగైనది, ఒక భుజం నుంచి ఇంకో భుజం దాకా వచ్చింది. వంగిన నాకు జనం బూట్లు, మంచు, మీటరు పట్టుకున్న కనిషాయ్ చెయ్యి మాత్రమే కనిపించాయి. ఒక్కో సంతకానికీ ఆ చేతి బొటనవేలు మీటరు మీద ఒకసారి తట్టేది. లెక్కపెడుతోందనుకున్నాను.

ఆ సాయంత్రం ఇరవై మూడు వచ్చాయి. మిగతావి మూడు రోజుల్లో. గడువుకు అరవై ఒకటి.

అందరూ వెళ్ళాక ఇంట్లోకి వచ్చాం. ఆమె కోటు విప్పకుండా పొయ్యి తలుపు తెరిచి, పట్టకారుతో సగం కాలిన నీలం ట్రాక్‌సూటు చెయ్యి ఒకటి బయటికి లాగి, బూడిద తట్టలో పడేసింది.

"నాకు ఇల్లు వెచ్చగా ఉండాలని ఎప్పుడైనా అడిగానా?"

"అడగలేదు. కానీ తలుపు తీయగానే 'అబ్బ, ఎంత వెచ్చగా ఉందో' అనేదానివి. వచ్చిన ప్రతిసారీ."

ఆమె పట్టకారు బూడిద తట్టలో పెట్టింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, పీట మీద కూలబడి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా. ఆ చలికాలమంతా మేం ఇంట్లో కోట్లు వేసుకునే టీ తాగాం. బొగ్గు అంటుకునే అరగంటా ఆమె నాకు గాలి ఏ దిక్కు నుంచి ఎందుకు వీస్తుందో చెప్పేది. అంతకు ముందు ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో మేం అన్ని మాటలు మాట్లాడుకోలేదు.

ఏప్రిల్లో తను పోయింది. మే నెలలో వీధి తవ్వారు. అక్టోబరు చివర్లో గ్యాసు బాయిలరు వెలిగించారు.

ఆ ఉదయం ఎనిమిదింటికి తుర్సునాయ్ మా గేటు బాదింది. "బాయికె, రా! బడి బాయిలరు ఆగిపోయింది! పిల్లలు చలికి చచ్చిపోతారు! అందరూ గేటు దగ్గరే ఉన్నారు!"

"ఆగిందని ఎవరు చెప్పారు?"

"చూడు నువ్వే! పొగ లేదు!"

నిజంగానే బడి గొట్టంలోంచి పొగ లేదు. గేటు దగ్గర ముప్పై మంది తల్లులు, మోల్డోకుల్ వాళ్ళ ముందు. గొట్టంలోంచి పొగ రావడమే పిల్లలు వెచ్చగా ఉన్నారనడానికి గుర్తు వాళ్ళకు, వాళ్ళ అమ్మలకు కూడా. పిల్లల్ని ఇంటికి తీసుకుపోతామని రఖీమాతో తగువు. ఆమె చెప్పేది ఎవరూ వినడం లేదు. నన్ను చూసి దారి ఇచ్చారు, నేను ఏదో తెలిసినవాణ్ణయినట్టు.

"ముందు ఒకటో తరగతి గదికి పోదాం," అన్నాను.

చీమల్లా ఒకరి వెనక ఒకరు వచ్చారు. పిల్లలు కోట్లు లేకుండా కూర్చుని అక్షరాలు దిద్దుతున్నారు. కిటికీ సగం తెరిచి ఉంది. గోడ కింద ఇనప గొట్టాల హీటరు. "చేతులు పెట్టి చూడండి," అన్నాను. ముందు తుర్సునాయ్ పెట్టి, వేడి తగలగానే వెనక్కి తీసుకుంది. తర్వాత మోల్డోకుల్ పెట్టాడు, తర్వాత తల్లులు, వరసగా. ఒకావిడ మాత్రం తెరిచిన కిటికీలోంచి పొగలేని గొట్టం వైపు చూసి, ఇంకా నమ్మకం కుదరనట్టు తల అడ్డంగా ఊపింది. వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

ఆఖర్న నేను పెట్టాను. వేడిగా ఉంది. గదిలో బొగ్గు వాసన లేదు. ఎవరూ దగ్గడం లేదు. నా చుట్టూ ముప్పై పెన్సిళ్ళు కాగితం మీద గీరుకుంటున్న చప్పుడు. నేను చెయ్యి తియ్యలేదు.

రఖీమా గుమ్మంలో నిలబడి ఉంది. "బాయికె, మీకు కూడా నమ్మకం కలగలేదా?"

"కలిగిందమ్మా," అన్నాను. "కొంచెం సేపు ఉండనివ్వు."